లిస్ప్‌లో చదివిన డేటా ఏ ఫైల్లో ఏ లైనుదో గుర్తుంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బరంపురం. ఇంటి వ్యాపారం అప్పడాలు, వడియాలు, పచ్చళ్ల టోకు. సరుకు కొనుగోళ్ల లెక్క చూసే ప్రోగ్రామ్ కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను రాసుకున్నదే, ఎస్‌బీసీఎల్ అనే ఇంప్లిమెంటేషన్ (ఆ భాషని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి మావాళ్లు ఏ రోజు కొనుగోళ్లు ఆ రోజు టెక్స్ట్ ఫైళ్లలో రాసి పంపుతారు. ఆ ఫైళ్లలో ఉండేవి లిస్ప్ జాబితాలే. వాటిలో తప్పు దొరికితే అది ఏ ఊరి ఫైల్లో ఎన్నో లైన్లో ఉందో చెప్పించడం నాకు చాలాకాలం తలనొప్పిగా ఉండేది. తర్వాత ఇదే పనిలో పడ్డ కుర్రాళ్లూ, ఫైళ్లు నింపే మావాళ్లూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇక్కడ పోగేశాను.

అసలు ఈ గొడవ దేనికి? తప్పుంటే ఎర్రర్ వస్తుంది కదా?

వస్తుంది. ఎక్కడిదో చెప్పదు. మొదటి ఏడు మార్చి నెలాఖరున మూడు ఊళ్ల ఫైళ్లూ కలిపి లెక్క నడిపితే "ధర సంఖ్య కాదు" అని చెప్పి ఆగిపోయింది. ఆ వాక్యం నేను రాసిందే. అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు లైన్లు. చిన్నాన్న నా వెనకాల నిలబడి, "తప్పుందని సెప్తాది గానీ ఎక్కడుందో సెప్పదేటిరా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. రాత్రి పదకొండు దాటాక దొరికింది:

```
(కొనుగోలు "పర్లాకిమిడి"
  (మినపప్పు (బస్తాలు 14) (ధర 5600/-))
  (జీలకర్ర (కిలోలు 25) (ధర 310)))
```

బిల్లు మీద రాసే అలవాటుకొద్దీ 5600 పక్కన గీత, అడ్డగీత పెట్టేశారు. లిస్ప్ రీడర్ (అక్షరాలని చదివి డేటాగా మార్చే భాగం) లెక్కలో, చివర్లో మైనస్ గుర్తు ఉన్న ముక్క సంఖ్య అయ్యే అవకాశమే లేదు. కాబట్టి దాన్ని ఒక సింబల్‌గా, అంటే ఒట్టి పేరుగా, చదివేసి, ఏ ఫిర్యాదూ లేకుండా ముందుకు పోయింది. ఎక్కడో లోపల గుణకారం చేసేముందు నా తనిఖీ పట్టుకుంది. అప్పటికి ఆ సింబల్ ఏ ఫైల్లోంచి వచ్చిందో ఎవరికీ తెలీదు.

మరి రీడ్ ఫంక్షన్ ఆ వివరం దగ్గర పెట్టుకోవచ్చు కదా, ఎందుకు పారేస్తుంది?

పెట్టుకోవడానికి చోటు లేదు. ధాన్యం బస్తాలు గోడౌన్ గుమ్మం దగ్గర ఉన్నంతసేపు ఏ రైతువో చెప్పగలం. కుప్ప పోశాక ఈ గింజ ఎవరిదని అడిగితే ఏం చెప్తాం? రీడ్ చేసేది ఆ కుప్ప పోయడమే. అక్షరాలు లోపలికి వెళ్తాయి, వస్తువులు బయటికి వస్తాయి.

లిస్ప్ జాబితా అంటే కాన్స్ సెల్లుల గొలుసు. ఒక్కో సెల్లులో రెండే అరలుంటాయి, ఒకటి కార్‌కి (ఆ చోటి వస్తువు), ఒకటి కడర్‌కి (మిగతా జాబితా). లిస్ప్‌ని సృష్టించిన మెకార్తీ బృందం 1958లో పని మొదలుపెట్టిన ఐబీఎం 704 యంత్రంలో ఒక వర్డ్ 36 బిట్లు. అందులో ఒక్కోటి 15 బిట్ల చొప్పున ఉన్న రెండు భాగాల్లో రెండు చిరునామాలు పెట్టి కాన్స్ చేశారు. మూడో చిరునామాకి అప్పుడూ చోటు లేదు. ఇవాళ మెమరీ బోలెడుంది గానీ కాన్స్ అంటే రెండు అరలే అన్న ఒప్పందం అలాగే ఉండిపోయింది.

సింబల్స్ సంగతి ఇంకా కష్టం. ఫైల్లో "ధర" అని వెయ్యి చోట్ల రాసినా, ఒకే ప్యాకేజీలో (సింబల్ పేర్ల పట్టీలో) చదివితే మెమరీలో ఉండేది ఒకే ఒక్క సింబల్. ఒకే వస్తువుకి వెయ్యి లైను నంబర్లు ఎలా తగిలిస్తాం? చిన్న పూర్ణాంకాలయితే మెమరీలో విడి వస్తువులు కూడా కావు, ఒట్టి బిట్లు.

అంచేత ఏం చేసినా చదివే క్షణంలోనే చెయ్యాలి. ఆ క్షణం దాటాక ఏ తెలివీ పనికిరాదు. కింద రాసిన పద్ధతులన్నీ ఆ గుమ్మం దగ్గర బస్తా మీద గుర్తు వేసే రకరకాల మార్గాలే.

కానీ ఎస్‌బీసీఎల్ ఒక్కోసారి లైను నంబరు చక్కగా చెప్తుందే?

చదువుతుండగా వచ్చే తప్పుకి చెప్తుంది. చదివేశాక అర్థంలో వచ్చే తప్పుకి చెప్పలేదు.

మావాళ్లు 1,20,000 అని కామాలతో రాశారనుకోండి. లిస్ప్‌లో కామా మాక్రో క్యారెక్టర్ (కనబడగానే రీడర్ ఒక ఫంక్షన్‌ని పిలిచే అక్షరం), బ్యాక్‌కోట్ గుర్తుతో మొదలయ్యే ముక్క లోపల తప్ప ఉండకూడదు. రీడర్ అక్కడికక్కడే ఆగి లైను, కాలమ్, ఫైల్లో ఎన్నో స్థానమో చెప్పేస్తుంది, ఎందుకంటే ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. "రేటు:180" అని రాసినా అంతే, కోలన్ ముందున్నది ప్యాకేజీ పేరు అనుకుని, రేటు అనే ప్యాకేజీ లేదని అప్పుడే అరుస్తుంది. పగలు 10:30కి సరుకు దిగిందని కోట్లు లేకుండా రాస్తే 10 అనే ప్యాకేజీ కోసం వెతుకుతుంది. ఇవన్నీ మంచి తప్పులు, పెద్దగా అరిచే తప్పులు. భయపడాల్సింది 5600/- లాంటి నోరెత్తని వాటికి.

నోరెత్తని తప్పులు ఇంకేం ఉన్నాయి?

తేదీలు. 12/03 అని కోట్లు లేకుండా రాస్తే లిస్ప్ దాన్ని భిన్నంగా చదివి, కొట్టివేతలు కూడా చేసి, 4 అని చేతిలో పెడుతుంది. మార్చి పన్నెండు నాలుగైపోయింది. 05/10 అయితే అర. ఇక్కడ తప్పు తెలిసినా మొదట ఏం రాశారో వెనక్కి తేలేం, ఎందుకంటే 4 చూసి 12/03 అని గానీ 8/2 అని గానీ ఎవరు చెప్పగలరు? అందుకే నేను మొదలు స్థానం ఒక్కటే కాక చివరి స్థానం కూడా దాస్తాను. రెండూ ఉంటే ఫైల్లోంచి ఆ ముక్కని ఉన్నదున్నట్టు కోసి చూపించవచ్చు.

ఫోన్లో టైప్ చేసినవీ, వర్డ్‌లోంచి తెచ్చి అతికించినవీ ఇంకో రకం. కొన్ని కీబోర్డులు నిలువు కోట్లని తీసేసి వంకర కోట్లు పెడతాయి. మన కంటికి రెండూ ఒకటే. రీడర్‌కి వంకర కోటు మామూలు అక్షరం, కాబట్టి “కొత్త సరుకు” అని రాస్తే ఒక స్ట్రింగ్‌కి బదులు రెండు సింబల్స్ వస్తాయి.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది నిలువు గీత. ఒడియాలో వాక్యం చివర పూర్ణచ్ఛేదం పెడతారు, నిలువు గీత లాగే ఉంటుంది. రాయగడలో ఫైలు నింపే అబ్బాయి ఒడియా మీడియంలో చదువుకున్నవాడు. కీబోర్డు మీద అసలు గుర్తు దొరక్కపోతే పైప్ గుర్తు కొడతాడు. కామన్ లిస్ప్‌లో పైప్ గుర్తు పడితే, మళ్లీ ఇంకో పైప్ వచ్చేదాకా మధ్యలో ఉన్న బ్రాకెట్లు, ఖాళీలు, లైన్లు మొత్తం ఒకే సింబల్ పేరులోకి పోతాయి:

```
(గమనిక సరుకు తడిసింది|)
```

ఇలాంటివి ఫైల్లో రెండుంటే ఆ మధ్యలోని పదిహేను కొనుగోళ్లూ ఏ చప్పుడూ లేకుండా ఒక సింబల్ కడుపులోకి వెళ్లిపోయాయి. ఎర్రర్ రాలేదు, లెక్క మాత్రం తక్కువొచ్చింది. మొదలు, చివర స్థానాలు దాయడం మొదలెట్టాక ఒక చిన్న తనిఖీ పెట్టాను. ఏ సింబల్ అయినా ఒకటికన్నా ఎక్కువ లైన్ల మీద పరుచుకుంటే కేకెయ్యమని. సింబల్‌కి స్థానం ఎలా దొరుకుతుందంటారా, కిందికి రండి.

అన్నిటికన్నా తేలికైన పద్ధతి ఏది?

మీ ఫైల్లో ఒక్కో నమోదూ బయటి స్థాయిలో విడి జాబితాగా ఉంటే, దాని మొదలు తెలిస్తే చాలు. "ఫలానా ఫైలు, 212వ లైనులో మొదలయ్యే కొనుగోలులో" అని చెప్తే మనిషి అయిదు సెకన్లలో తప్పు పట్టుకుంటాడు. చాలామందికి ఇంతకుమించి అక్కర్లేదని నా అభిప్రాయం.

నేను చేసేది ఇది. ఫైలు మొత్తాన్ని ముందు ఒక స్ట్రింగ్‌లోకి లాగేస్తాను. తర్వాత రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్‌తో ఒక్కో నమోదూ చదువుతాను. అది రెండు విలువలిస్తుంది, ఒకటి చదివిన వస్తువు, రెండోది ఇంకా చదవని మొదటి అక్షరం స్థానం. ఆ స్థానం నుంచి మళ్లీ చదవడం. ఇందులో మూడు గుంటలున్నాయి, మూడింటిలోనూ నేను పడ్డాను.

ఒకటి, రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్‌కి స్ట్రింగ్ తర్వాత రెండు ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్లున్నాయి, వాటి తర్వాతే కీవర్డులు. ఆ రెండూ ఇవ్వకుండా నేరుగా స్టార్ట్ అనే కీవర్డు రాస్తే, అది కీవర్డుగా పోదు, ఫైలు అయిపోతే ఎర్రర్ ఇవ్వాలా వద్దా అన్న ఆర్గ్యుమెంటు స్థానంలో కూర్చుంటుంది. ప్రోగ్రామ్ ప్రతిసారీ మొదటి నమోదునే చదువుతూ తిరుగుతుంది.

రెండు, పాత నమోదు అయిపోయిన చోటునే కొత్తదాని మొదలు అనుకోకూడదు. మధ్యలో ఖాళీ లైన్లు, సెమీకోలన్ వ్యాఖ్యలు ఉంటాయి. వాటిని దాటాకే స్థానం రాసుకోవాలి. స్ట్రీమ్ మీద చదివేవాళ్లకి పీక్-చార్ ఖాళీలని దాటిస్తుంది గానీ వ్యాఖ్యలని దాటించదు, వాటిని మనమే దాటించాలి.

మూడు, మామూలు రీడ్ ఒక సింబలో సంఖ్యో చదివాక దాని వెంట ఉన్న ఒక ఖాళీని కూడా మింగుతుంది. చివరి స్థానం ఒకటి ఎక్కువొస్తుంది. రీడ్-ప్రిజర్వింగ్-వైట్‌స్పేస్ వాడితే ఆ బాధ లేదు. రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్‌లోనూ అదే పని చేసే కీవర్డు ఉంది.

స్థానం నుంచి లైను నంబరు తెచ్చుకోవడం సులువే. ఒక్కో లైనూ ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుందో ఒక వెక్టర్‌లో రాసుకుని, బైనరీ సెర్చ్ చేస్తే సరిపోతుంది.

లోపలి జాబితాలకి కూడా స్థానం కావాలంటే?

తెరిచే బ్రాకెట్ కూడా రీడర్ దృష్టిలో మాక్రో క్యారెక్టరే. దానికో ఫంక్షన్ ఉంటుంది. ఏ అక్షరానికి ఏ ఫంక్షనో చెప్పే రీడ్‌టేబుల్‌కి నకలు తీసి, ఆ నకల్లో తెరిచే బ్రాకెట్‌కి మన ఫంక్షన్ తగిలించాలి. మన ఫంక్షన్ ముందు స్థానం రాసుకుంటుంది, పాత ఫంక్షన్‌ని పిలిచి జాబితా తెచ్చుకుంటుంది, చివరి స్థానం రాసుకుంటుంది, ఆ జాబితా మొదటి కాన్స్‌ని కీగా పెట్టి ఈక్యూ హ్యాష్ టేబుల్‌లో (కీ సరిగ్గా అదే వస్తువా అని మాత్రమే చూసే పట్టీలో) రెండు స్థానాలూ దాస్తుంది, జాబితాని అలాగే తిరిగిస్తుంది. మనల్ని పిలిచేసరికే బ్రాకెట్ చదివేసి ఉంటుంది కాబట్టి మొదలు స్థానంలోంచి ఒకటి తియ్యాలి. ఖాళీ జాబితా మాత్రం దాచకండి. అది నిల్, ప్రపంచంలో ఉన్న ఖాళీ జాబితాలన్నీ ఒకటే.

ఇది నా తెలివేం కాదు. ఈమాక్స్ ఎడిటర్‌లో లిస్ప్ కోసం స్లైమ్ వాడేవాళ్లు డీబగ్గర్‌లోంచి ఒక్క మీటతో సోర్సులోకి దూకుతారు కదా, దాని వెనకున్న స్వాంక్ చేసేదీ ఇలాంటిదే. ఎస్‌బీసీఎల్ కంపైలర్ లోపలి ముక్కలకి దాచేది అక్షర స్థానం కాదు, "ఎన్నో ఫారమ్, అందులో ఎన్నో ముక్క" అనే దారి. స్వాంక్ ఫైలుని మళ్లీ చదివి, చదివేటప్పుడు మాక్రో క్యారెక్టర్ల దగ్గర స్థానాలు రాసుకుని, ఆ దారిని అక్షర స్థానంగా మారుస్తుంది. స్వాంక్‌లో ఈ పని చేసే ఫైలు కోడ్ తెరిచి చూడండి, చిన్నదే, నేర్చుకోవడానికి బాగుంటుంది.

టేబుల్ ఎక్కువకాలం ఉంచుకునేవాళ్లు దాన్ని వీక్ టేబుల్‌గా (వేరే ఎవరూ వాడని వస్తువుని వదిలేసే టేబుల్‌గా) చేసుకోవాలి. లేకపోతే చదివిన ప్రతి జాబితా టేబుల్ పట్టుకుని వేలాడుతూ మెమరీలోంచి పోనే పోదు.

మరి సింబల్స్‌కి, సంఖ్యలకి?

పై పద్ధతిలో రావు. వాటి ముందు మాక్రో క్యారెక్టర్ ఏదీ లేదు, ఉన్నా టేబుల్లో పెట్టడానికి విడి గుర్తింపు లేదు. రెండు దారులున్నాయి.

మొదటిది సర్దుకుపోవడం. 5600/- స్థానం తెలీకపోయినా దాన్ని చుట్టుకుని ఉన్న (ధర 5600/-) స్థానం తెలుసు. అది చాలు.

రెండోది, వస్తువు బదులు వస్తువూ స్థానమూ కలిపిన పొట్లాన్ని ఇచ్చే రీడర్ వాడటం. కామన్ లిస్ప్‌లో దీనికి ఎక్లెక్టర్ ఉంది. ఏ ఇంప్లిమెంటేషన్‌లోనైనా నడిచేలా కామన్ లిస్ప్‌లోనే రాసిన పూర్తి రీడర్ అది. క్లాస్ప్ అనే ఇంప్లిమెంటేషన్ తన రీడర్‌గా దీన్నే వాడుతుంది. ఇందులో పార్స్ రిజల్ట్ అనే భాగం ఉంది. మనం ఒక క్లయింట్ క్లాసు రాసి, మేక్-ఎక్స్‌ప్రెషన్-రిజల్ట్ అనే జెనరిక్ ఫంక్షన్‌కి ఒక మెథడ్ ఇస్తే చాలు. చదివిన ప్రతి ముక్కకీ, సింబల్ అయినా సంఖ్య అయినా, ఆ మెథడ్‌ని పిలిచి వస్తువు, దాని పిల్లలు, స్థానం మూడూ చేతికిస్తుంది. వాటితో మీ స్ట్రక్చర్ మీరు కట్టుకోవచ్చు. దాటేసిన వ్యాఖ్యలు కావాలన్నా ఇస్తుంది. సొంతంగా కట్టుకునే ఓపిక లేకపోతే కాంక్రీట్ సింటాక్స్ ట్రీ అనే తోడు లైబ్రరీ ఉంది, అందులో ప్రతి నోడుకీ అసలు వస్తువూ సోర్సు స్థానమూ ఉంటాయి.

ఎక్లెక్టర్‌లో నాకు ఇంకా నచ్చింది తప్పు తర్వాత కోలుకోవడం. తప్పు పడ్డచోట రికవర్ అనే రీస్టార్ట్ ఇస్తుంది. దాన్ని పిలిస్తే ఏదో ఒకటి సర్దుకుని చదువు కొనసాగిస్తుంది. ఫైల్లో ఏడు తప్పులుంటే ఏడూ ఒకేసారి జాబితాగా పంపొచ్చు. ఒక్కోటీ దిద్దించి, మళ్లీ నడిపి, మళ్లీ రాయగడకి ఫోన్ చేసే పని తప్పింది. ఇది వచ్చాకే మా వదిన నా ప్రోగ్రామ్‌ని తిట్టడం మానేసింది.

తెలుగులో రాసిన ఫైళ్లకి కాలమ్ నంబరు తేడాగా వస్తోంది. ఏం చెయ్యాలి?

ఎవరు దేన్ని లెక్కపెడుతున్నారో చూడండి. "శ్రీకాకుళం" అనే మాట మన కంటికి నాలుగక్షరాలు: శ్రీ, కా, కు, ళం. యూనికోడ్ లెక్కలో పది కోడ్ పాయింట్లు, ఎందుకంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఇలా విడివిడిగా ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింటూ మూడు బైట్లు, కాబట్టి ముప్పై. ఒకే మాటకి 4, 10, 30.

ఎస్‌బీసీఎల్‌లో ఫైల్ స్ట్రీమ్ మీద ఫైల్-పొజిషన్ అడిగితే వచ్చేది బైట్ల లెక్క. స్ట్రింగ్ స్ట్రీమ్ మీద అడిగితే అక్షరాల లెక్క, అంటే కోడ్ పాయింట్లు. కామన్ లిస్ప్ ప్రమాణ పత్రం కూడా క్యారెక్టర్ ఫైలులో ఒక్క అక్షరం చదివితే ఈ సంఖ్య ఒకటికన్నా ఎక్కువ పెరగవచ్చని చెప్పేసి చేతులు దులుపుకుంది. ఫైలుని ముందే స్ట్రింగ్‌లోకి లాగమని పైన అన్నది సగం ఇందుకే.

కాలమ్ నంబరు చూపించడం నేను మానేశాను. లైను కింద చిన్న బాణం గుర్తు పెట్టి చూపించే ఇంగ్లిష్ పద్ధతి కూడా మనకి కుదరదు. తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు, బాణం ఎప్పుడూ పక్కింటి మీదే పడుతుంది. ఫైలు పేరు, లైను నంబరు, ఆ ముక్క ఉన్నదున్నట్టు, ఈ మూడు చాలు:

```
పర్లాకిమిడి మార్చి ఫైలు, 212వ లైను: ధర సంఖ్య కాదు
    (ధర 5600/-)
```

సింబల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా?

నిక్షేపంగా. తెలుగులో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ లేవు కాబట్టి రీడర్ అన్నిటినీ పెద్దక్షరాలు చేసే గోల మనకి తగలదు. తగిలేది వర్ణక్రమం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పనిచేసిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి ఫైల్లో మినపప్పు, మినప్పప్పు, మినపపప్పు మూడూ ఉంటాయి, మూడూ వాడుకే. రాయగడ నుంచి బిరి అని వస్తుంది, ఒడియాలో మినుములు అదే. బడి అని రాస్తే అది పాఠశాల కాదు, వడియాలు. నేను తెలిసిన సరుకుల పేర్ల పట్టీ ఒకటి పెట్టి, అందులో లేనిది కనిపిస్తే స్థానంతో సహా అడుగుతాను.

కంటికి కనిపించని తేడా ఇంకోటుంది. పొల్లు నిలబెట్టడానికి కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాయి. అది సింబల్ పేరులో చేరితే, చూడటానికి దాదాపు ఒకేలా ఉన్న రెండు పేర్లు రెండు వేరు సింబల్స్ అయి కూర్చుంటాయి. ఎస్‌బీసీఎల్ సింబల్ పేర్లని యూనికోడ్ పద్ధతిలో ఒక రూపానికి తెస్తుంది గానీ ఈ గుర్తుని తీసెయ్యదు. సరుకు "లేదు" అని ప్రోగ్రామ్ అంటుంటే, కళ్లముందు "ఉంది" అని మావాళ్లు దెబ్బలాడారంటే చాలాసార్లు ఇదే.

మూసే బ్రాకెట్ మర్చిపోతే ఎప్పుడూ ఫైలు చివరి లైనే చూపిస్తుంది. అసలు చోటు ఎలా పట్టుకోవాలి?

రీడర్ తప్పు లేదు. మూసే బ్రాకెట్ ఎప్పుడో వస్తుందని ఎదురుచూస్తూ ఫైలు చివరిదాకా పోయింది. 41వ లైన్లో మూయాల్సింది 900వ లైన్లో బయటపడుతుంది.

తెరిచిన బ్రాకెట్ల స్థానాలని ఒక స్టాక్‌లో పెట్టుకోండి. మూసినప్పుడల్లా పైది తీసెయ్యండి. ఫైలు అయిపోయేసరికి స్టాక్‌లో మిగిలినవే మూయనివి. ఇది కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు, ఎందుకంటే బయటిదాని కోసం పెట్టిన మూసే బ్రాకెట్ లోపలిదాన్ని మూసేసి, నిజంగా తప్పు చేసిన జాబితా కాకుండా దాని చుట్టూ ఉన్న బయటి జాబితా మీద నింద పడుతుంది.

మావాళ్లకి నేనొక్క నియమం పెట్టాను. కొత్త నమోదు తెరిచే బ్రాకెట్ లైను మొదట్లోనే ఉండాలి, లోపలివి ఏవీ లైను మొదట్లో ఉండకూడదు. ఇప్పుడు చదివేముందే ఫైలుని అలాంటి లైన్ల దగ్గర ముక్కలు కోసి, ఒక్కో ముక్కనీ విడిగా చదువుతాను. ఒక ముక్కలో బ్రాకెట్ లోపిస్తే ఆ ముక్కే చెడుతుంది, పక్కది బతుకుతుంది. పైప్ గుర్తు మింగుడు, మూయని కోటు కూడా ముక్క దాటి పోలేవు. ఏ లైబ్రరీ కన్నా ఈ నియమం నాకు ఎక్కువ మేలు చేసింది.

వేరే లిస్పుల్లో ఈ బాధ లేదంటారు, నిజమేనా?

చాలావరకు. రాకెట్‌లో రీడ్-సింటాక్స్ అని వేరే ఉంది. అది ఒట్టి జాబితా కాక సింటాక్స్ ఆబ్జెక్ట్ ఇస్తుంది, సింబల్‌తో సహా ప్రతి ముక్కకీ లైను, కాలమ్, స్థానం, పొడవు ఉంటాయి. పోర్టు మీద ముందుగా లైన్ల లెక్క ఆన్ చెయ్యాలి, లేదంటే లైనూ కాలమూ రావు, స్థానం కూడా బైట్లలో వస్తుంది. మనలాంటి లిపులవాళ్లు మర్చిపోకూడని సంగతి.

గైల్ రీడర్ జాబితాలకి సోర్స్ ప్రాపర్టీస్ తగిలిస్తుంది. లైన్లని సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఎడిటర్ ఒకటి నుంచి. ఒకటి కలపడం మర్చిపోతే రోజంతా పై లైనులో తప్పు వెతుకుతారు.

క్లోజర్ జాబితాల మెటాడేటాలో లైనూ కాలమూ పెడుతుంది. టూల్స్ డాట్ రీడర్ వాడితే సింబల్స్, వెక్టర్లు, మ్యాపులకి కూడా వస్తాయి, ముగింపు స్థానంతో సహా. క్లోజర్ సింబల్స్ రాసిన ప్రతిచోటా విడి వస్తువులు కావడంతో అది కుదిరింది. కీవర్డులకీ స్ట్రింగులకీ సంఖ్యలకీ మెటాడేటా ఉండదు.

ఈమాక్స్ లిస్ప్ కథ ముచ్చటగా ఉంటుంది. చాలా ఏళ్లు బైట్ కంపైలర్ హెచ్చరికల్లో లైను నంబర్లు ఊహ మీద నడిచేవి, తరచూ తప్పేవి. 2023లో వచ్చిన ఈమాక్స్ 29లో స్థానం మోసే సింబల్ అని కొత్త రకం వస్తువునే తెచ్చారు. కంపైలర్ వాటితో పనిచేసి, చివర్లో స్థానం ఊడబెరికి మామూలు సింబల్ చేస్తుంది. సింబల్ ఒక్కటే అన్న పాత మాటకి వాళ్లు అంత దూరం వెళ్లాల్సొచ్చింది.

స్థానాలు దాచాను, కానీ లెక్కలో సగం దూరం వెళ్లేసరికి మాయమవుతున్నాయి. ఎందుకు?

మధ్యలో ఎక్కడో మ్యాప్‌కార్ (జాబితాలో ఒక్కోదాన్నీ మార్చి కొత్త జాబితా ఇచ్చే ఫంక్షన్) చేసుంటారు, లేదా జాబితాకి నకలు తీసుంటారు. కొత్త జాబితా అంటే కొత్త కాన్స్‌లు, టేబుల్లో ఉన్నవి పాతవి. ప్రతి మార్పు దగ్గరా స్థానాలు మోసుకెళ్లడం చేతనైన పని కాదు, ఒకచోట మర్చిపోతాం.

చదవగానే నమోదుని సొంత స్ట్రక్చర్‌గా మార్చెయ్యండి. సరుకు, పరిమాణం, ధర, వాటి పక్కన "ఎక్కడిది" అనే అర. ఆ అరలో ఫైలు, లైను, అసలు ముక్క. అక్కడితో హ్యాష్ టేబుల్ పని అయిపోయింది, పారేయొచ్చు. నా ప్రోగ్రామ్‌లో జాబితాల ఆయుష్షు గుమ్మం దగ్గర నుంచి వసారా దాకానే.

చదివాక ఎవరైనా ఫైలు దిద్దితే లైను నంబర్లు పాతబడవా?

పాతబడతాయి. ఫైలు చివరిసారి మారిన సమయాన్ని కూడా దాచుకుని, తప్పు చూపించేముందు పోల్చండి. మారి ఉంటే లైను నంబరు నమ్మకుండా, దాచిన అసలు ముక్కని ఫైల్లో వెతకండి. స్వాంక్ కూడా స్థానంతోపాటు కాస్త పాఠం పంపుతుంది, ఈమాక్స్ ఆ చుట్టుపక్కల దాన్ని వెతుక్కుంటుంది.

బయటివాళ్లు పంపిన ఫైలుని రీడ్‌తో చదవడం ప్రమాదం కాదా?

అవును. హ్యాష్ గుర్తు, చుక్క పక్కపక్కన పెట్టి ఏ కోడ్ రాసినా చదువుతుండగానే నడిచిపోతుంది. చదివేముందు రీడ్-ఇవాల్ అనే చరరాశిని నిల్ చెయ్యండి. ఇది మర్జీ కాదు, తప్పనిసరి.

విండోస్ నోట్‌ప్యాడ్‌లో దాచిన ఫైల్లో మొదటి నమోదు ముందు పేరు కనిపించని సింబల్ ఒకటి వస్తోంది. ఏమిటది?

బైట్ ఆర్డర్ మార్క్. ఫైలు మొట్టమొదట కంటికి కనపడకుండా ఉండే ఒక అక్షరం, యూటీఎఫ్-8 విత్ బామ్ అని ఎంచుకుని దాస్తే చేరుతుంది. ఎస్‌బీసీఎల్ దాన్ని మామూలు అక్షరంగా చూసి, తెరిచే బ్రాకెట్ రాగానే ఆపి, ఆ ఒక్క అక్షరంతో సింబల్ చేసి ఇస్తుంది. స్ట్రింగ్‌లోకి లాగాక మొదటి అక్షరం అదయితే తీసెయ్యండి. అయితే కోసి పారేసి స్ట్రింగ్‌ని కురచ చెయ్యకండి, స్థానాలన్నీ ఒకటి జరుగుతాయి. దాని చోట ఒక ఖాళీ పెట్టండి.